సువర్ణమ్మగారి పెట్టెలో ఎవరో పడుకున్నారు

ఆదివారం పొద్దున షెడ్డు షట్టరు పైకెత్తిన క్రిస్టఫర్‌కి, సువర్ణమ్మగారి శవపెట్టె కోసం కట్టిన అచ్చులో అప్పటికే ఎవరో పడుకుని లేచి వెళ్ళిపోయారని తెలిసింది.

సువర్ణమ్మగారు మాత్రం కాదు. ఆవిడ నిక్షేపంలా బతికే ఉన్నారు. ఆ వేళకి చర్చిలో ముందు వరసలో కూర్చుని, పాటలో ఎవరి గొంతు పట్టాలు తప్పుతోందో వెనక్కి తిరిగి మరీ చూస్తూ ఉండి ఉంటారు.

క్రిస్టఫర్ అచ్చు మీదికి వంగాడు. నిన్న సాయంత్రం తను చేత్తో నిమిరి నిమిరి అద్దంలా చదును చేసిన తెల్లటి ప్లాస్టరులో నిలువెత్తు మనిషి ముద్ర. తలకాయ దిగిన గుంట. రెండు భుజాలు. వీపు మీద చొక్కా ముడతలు. నడుం కింద ఇంకాస్త లోతు. చివర్న చిన్న గిన్నెల్లా రెండు మడమలు. వేలితో నొక్కి చూశాడు. రాయి.

అది చాలదన్నట్టు గోడకి చేర్చి నేల మీద ఉంచిన అచ్చు జానెడు ముందుకి జరిగి ఉంది. నేల మీద గీతలు పడ్డాయి.

"జెన్నీ!" అని కేకేశాడు.

షెడ్డు వెనకే ఇల్లు. జెన్నీ సగం దువ్విన తలతో వచ్చి, అచ్చులోకి చూసి, మొగుడి మొహంలోకి చూసింది.

"నువ్వు కాదు గదా?"

"నానెందుకు పడుకుంటానే?"

"మొన్న గొడవైనప్పుడు షెడ్డులోనే పడుకుంటానని దుప్పటి పట్టుకుని ఎల్లావు గదేటి."

"అప్పుడు బెంచీ మీద పడుకున్నాను. ఇది ఎవులో కావాలని సేసిన పని!"

ఎవరన్నది తర్వాత సంగతి. ఆవేళ సువర్ణమ్మగారు అచ్చు చూడటానికి వస్తున్నారు. ఆ షెడ్డు ఆవిడది. ఆవిడ మాట స్పష్టంగా ఉంది: పెట్టె నచ్చితే షెడ్డు క్రిస్టఫర్ పేర రాసేస్తారు. నచ్చకపోతే ఖాళీ చేయించి, రాజుబాబు బిర్యానీ పాయింటుకి ఇచ్చేస్తారు. మధ్యస్థంగా నచ్చడం అన్నది ఆవిడ జీవితంలో ఎన్నడూ లేదు.

ఈ పెట్టె కథ ఆవిడ భర్త క్రీస్తుదాసుగారి భూస్థాపన నాడు మొదలైంది. వాళ్ళ సంఘంలో పెట్టె మొయ్యడానికి ఒక కమిటీ ఉంది. మోత కమిటీ అంటారు. నలుగురు పెద్దమనుషులు. కమిటీలో చేరినప్పుడు కుర్రాళ్ళే. తర్వాత వాళ్ళు రాజీనామా చెయ్యలేదు, సంఘం అడగలేదు. సమాధుల తోట ఎత్తు ఎక్కే మలుపులో ఆ నలుగురి మోకాళ్ళూ ఒక్కసారే లొంగిపోయి, టేకు పెట్టె జారింది. క్రీస్తుదాసుగారు చివరి ప్రయాణంలో కొంతదూరం పక్కకి ఒత్తిగిలి చేశారు.

సువర్ణమ్మగారు భర్తకి రెండింతలుంటారు. "ఆయన్నే పడీసారంటే నన్ను దొర్లించుకుని పోతారు" అని అప్పుడే నిశ్చయించుకున్నారు. క్రిస్టఫర్ జీడితోటలకీ చెరుకు చేలకీ మందు కొట్టే డ్రోన్లకి కార్బన్ ఫైబర్ డొప్పలు చేస్తాడు. ఒకరోజు అద్దె వసూలుకి వచ్చిన ఆవిడ ఒక డొప్పని రెండు వేళ్ళతో ఎత్తి, "దీంతో నాకో పెట్టె సెయ్యిరా. బతికుండగా సూసుకోవాల" అన్నారు.

పెట్టె చెయ్యడం కష్టం కాదు. అచ్చు కష్టం. విశాఖపట్నంలో లోహంతో చేసిచ్చే అచ్చుకి చెప్పిన ధర వింటే, పెట్టెలోకి వెళ్ళవలసినవాళ్ళు ఇద్దరయ్యేలా ఉన్నారు. అందుకే క్రిస్టఫర్ తన చవక దారి పట్టాడు. ప్లైవుడ్డుతో తొట్టి కట్టి, లోపల అంగుళం మందాన ప్లాస్టరు. చదును చేసుకునే వ్యవధి ఉండాలని అందులో నిమ్మరసం. అప్పుడది నింపాదిగా గట్టిపడుతుంది. ఎండాక లక్క పూత, దాని మీద మైనం. ఆ పైన నల్లటి కార్బన్ గుడ్డ పరిచి, రెజిన్ జిగురు పట్టించి, ప్లాస్టిక్ షీటు కప్పి, పాత ఫ్రిజ్జు కంప్రెసరుతో లోపలి గాలంతా లాగేస్తే, గుడ్డ అచ్చుకి చర్మంలా అతుక్కుంటుంది. గట్టిపడ్డాక ఊడదీస్తే పెట్టె.

ఈ పద్ధతిలో ఒకటే చిక్కు. అచ్చులో వెంట్రుక పడితే పెట్టె మీద వెంట్రుక తేలుతుంది. ఇప్పుడీ అచ్చులో పెట్టె చేస్తే దాని అడుగున ఒక మగమనిషి వీపు బయటికి పొడుచుకొస్తుంది.

"ఆవిడొచ్చీలోగా పూడ్చీస్తాను. బేగి నీళ్ళు పట్రా" అంటూ క్రిస్టఫర్ ప్లాస్టరు బస్తా మూతి విప్పాడు.

బయట ఆటో ఆగింది. ఎస్. రాయవరంలో పెళ్ళి చెయ్యవలసి ఉండి పాస్టరుగారు ఆరాధన తొందరగా ముగించారట. తెల్లచీరలో, మెడలో టేపుతో సువర్ణమ్మగారు దిగారు. కుట్టుపని నేర్పే సెంటరు నడిపిన మనిషి. సెంటరు మూసేసినా టేపు మాత్రం మెడ దిగలేదు.

ఆవిడ అచ్చులోకి చూశారు. చాలాసేపు చూశారు.

"ఏట్రా ఇది?"

"ప్లాస్టరు కొంచెం కుంగిందమ్మగారూ."

"కుంగితే సొక్కా యేసుకుని కుంగుతాదేట్రా?"



"నా పెట్టెలో నాకంటే ముందు ఇంకొకడు పడుకున్నాడు" అన్నారు ఆవిడ. కోపం కంటే దిగ్భ్రాంతి ఎక్కువగా ఉంది గొంతులో. "రైల్లో నా బెర్తులో ఎవుడైనా నడుం వాలిస్తేనే నాను ఊరుకోను. ఇది ఆఖరి బెర్తు."

"గంటలో పూడ్చీస్తానమ్మగారూ, ఆనవాలు కూడా..."

"ముట్టుకున్నావంటే సూడు! సాయంత్రంలోగా వాడెవడో తేల్చు. లేపోతే తాళాలు రాజుబాబుకి ఇచ్చీసి, నాను టేకు పెట్టెలోనే దొర్లుకుంటూ పోతాను."

ఇలాంటి కేసుల్లో మొదట చూడవలసింది ఎవరికి లాభమని. క్రిస్టఫర్‌కి ఆ జవాబు కోసం తల తిప్పితే చాలింది. రాజుబాబు అప్పటికే గుమ్మంలో నిలబడి, దమ్ము పొయ్యి ఏ మూల పెడితే బాగుంటుందో చేతులతో కొలుచుకుంటున్నాడు.

"వీడే!" అన్నాడు క్రిస్టఫర్.

"నానా? ఒరే, నాను నిన్న యలమంచిలిలో పెళ్ళి వంటలో ఉన్నాను. కావాలంటే నా సొక్కా వాసన సూడు."

"వాసన్లొద్దు. పడుకో" అన్నారు సువర్ణమ్మగారు.

రాజుబాబు చెప్పులు విప్పి అచ్చులో పడుకున్నాడు. పడుకోలేదు, ఇరుక్కున్నాడు. బిర్యానీ వ్యాపారం తాలూకు నడుం ఆ ముద్రలోకి దిగనని మొండికేసింది. కాళ్ళు గాల్లోకి లేచాయి. జెన్నీ, క్రిస్టఫర్ చెరో చెయ్యీ పట్టి బయటికి లాగారు.

సువర్ణమ్మగారు టేపు తీసి అచ్చులోకి వంగారు. భుజం నుంచి భుజానికి, మెడ నుంచి నడుముకి. ఉన్నట్టుండి ఆగారు.

"కుడి భుజం ఎడం దానికన్నా కిందికుంది. ఇది సంచీ మోసిన భుజం. నాకు తెలిసిపోయింది. పోస్టుమేన్ గంగులు!"

రిటైరైన గంగులుని పెరుగన్నం ముందు నుంచి లేపి తెచ్చారు. ఆయన ఏ ప్రశ్నా వెయ్యకుండా అచ్చులో పడుకున్నాడు. మడమలు రావలసిన చోట ఆయన పిక్కలొచ్చాయి.

"పొడుగెక్కువ" అన్నారు సువర్ణమ్మగారు, అది కూడా ఆయన తప్పే అన్నట్టు. "లెగు."

"కాసేపుంటానమ్మా. సల్లగా ఉన్నాది" అన్నాడు గంగులు.

ఆ మాటే కొంప ముంచింది. ఎండ మండుతోంది. కరెంటు లేదు. షెడ్డులో పడుకుంటే చల్లగా ఉందట అన్న కబురు చర్చి నుంచి ఇళ్ళకి పోతున్న జనంలో పడింది. కాసేపటికి షట్టరు ముందు వరస కట్టారు. కొందరు తమ నిర్దోషిత్వం నిరూపించుకోవడానికి, కొందరు నడుం వాల్చడానికి. లోవమ్మ అనే ఆవిడ అల్లుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి, "ఈడు నిన్న సాయంత్రం ఎక్కడున్నాడో సెప్పట్లేదు, ఓసారి పడుకోబెట్టి సూడండి" అంది. మాకవరపాలెం జీడిరైతు జగదీశ్వరరావు డ్రోను డొప్ప కోసం వచ్చి, ఈ వరస ఆధార్ కార్డుదనుకుని నిలబడి, తన వంతు రాగానే పడుకుని, బిగదీసుకుని, "ఫొటో ఎప్పుడు తీస్తారండీ?" అని అడిగాడు.

ఎవరూ సరిపోలేదు. ఒకడికి తల సరిపోతే కాళ్ళు సరిపోవు. కాళ్ళు సరిపోతే భుజాలు ఒప్పుకోవు. క్రిస్టఫర్ ఒక్కొక్కరు లేవగానే అచ్చు అంచు చూసుకుంటున్నాడు. పగుళ్ళిస్తే ఈ అచ్చు ఇక అచ్చు కాదు, సున్నపు పెళ్ళ.

జెన్నీ మోకాళ్ళ మీద కూర్చుని సెల్లు టార్చి వేసి చూస్తోంది. "ఇక్కడ సూడండి అమ్మగారూ. ఎనక జేబు కాడ."

సన్నటి గీతలు, పక్కపక్కనే, పళ్ళ వరసలా. జేబులోంచి తల బయటపెట్టిన దువ్వెన.

"అందరూ దువ్వెన్లు తియ్యండి!" అని సువర్ణమ్మగారు ఆజ్ఞాపించారు.

దువ్వెన్లు బయటికొచ్చాయి. ఎర్రవి, నల్లవి, పళ్ళూడినవి. ఆవిడ ఒక్కొక్కటీ గీతల్లో పెట్టి చూస్తూ వరస వెంట నడిచారు. గోడవారగా మోత కమిటీ నలుగురూ నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్ళ ముందుకి వచ్చినా, కమిటీ పెద్ద సత్యప్రకాష్‌గారి దగ్గర ఆగలేదు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. నెత్తి మీద ఈగ వాలితే జారిపోతుంది. అలాంటివాణ్ణి దువ్వెన అడగడం పరాచికంలా ఉంటుంది.

మిగతా ముగ్గురి దువ్వెన్లూ సరిపోలేదు. వాళ్ళు వెనక్కి తిరిగి జేబులో పెట్టుకుంటుంటే క్రిస్టఫర్ ఒకటి గమనించాడు. నలుగురిలో ముగ్గురు నడుం మీద చెయ్యి వేసుకుని ఉన్నారు. జెన్నీ స్టూళ్ళు వేసినా కూర్చోవడం లేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేమన్న నమ్మకం ఉన్నవాళ్ళలా నిలబడ్డారు.

సత్యప్రకాష్‌గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మగారూ, ఒక్క మాట. దొంగ ఎవడైతే మనకేటి? అసలీ పెట్టే మనకొద్దు. రేప్పొద్దున్న మొయ్యవలసినోళ్ళం మేం. తేలిక తేలికని ఈ క్రిస్టఫరు ఊదరగొట్టీడమే గాని, ఇది నలుగురు కాదు, ఎనమండుగురు పట్టినా లెగదు."

సువర్ణమ్మగారి మొహంలో రంగు దిగిపోయింది. కోపం వచ్చినప్పుడు ఆవిడని చూసి భయపడటం క్రిస్టఫర్‌కి అలవాటే. ఆవిడ భయపడటం చూడటం ఇదే మొదలు.

"నిజమేటి?" అన్నారు ఆవిడ.

"నిజమేనమ్మా" అన్నాడు కమిటీలో ఒకడైన ఇశ్రాయేలు.

"జానెడు జరిగిందంతే" అన్నాడు ఇంకొకడైన మోషే. సత్యప్రకాష్‌గారు వాడి కాలు తొక్కారు.

సువర్ణమ్మగారు బొడ్లోంచి తాళాలగుత్తి తీశారు. "ఒరే క్రిస్టఫరూ, నువ్వు మంచోడివే. కాని నాను మళ్ళీ ఆ మలుపులో పడిపోలేను. ఆయన పడ్డప్పుడు పెట్టెలోంచి సప్పుడొచ్చింది. అది ఇప్పటికీ నా సెవిలోనే ఉన్నాది." రాజుబాబు చెయ్యి చాపాడు.

జానెడు. ఆ మాట క్రిస్టఫర్ బుర్రలో ఠంగుమంది. నేల మీద గీతలు కూడా జానెడే.

"ఆగండమ్మగారూ!" అని అరిచాడు. "సత్యప్రకాష్‌గారూ, ఏ పెట్టె బరువండీ?"

"ఇదే. ఇంకేది?" ఆయన అచ్చు వైపు వేలు చూపించారు.

"పెట్టె ఇంకా పుట్టనే లేదండి! అది అచ్చు. ప్లైవుడ్డు, లోపల ప్లాస్టరు. అది బరువే. దాన్ని మొయ్యమని నానెవరికీ సెప్పలేదు. పెట్టె దాంట్లోంచి వస్తాది, అది ఇక్కడే ఉంటాది."

"ఇడ్లీ పాత్ర ఎత్తి సూసి ఇడ్లీ బరువన్నారు!" అంది జెన్నీ, చేత్తో నుదురు కొట్టుకుంటూ.

జనం నవ్వడం మొదలెట్టారు. సువర్ణమ్మగారు నవ్వలేదు. తాళాలగుత్తి ఇంకా గాల్లోనే ఉంది. "మాటలు నాకొద్దు" అన్నారు.

క్రిస్టఫర్ బీరువా వెనక్కి పరిగెత్తాడు. పెట్టె మూత ముందే తయారైంది. చిన్న అచ్చులో ముందు దాన్నే తీశాడు. అంతా పూర్తయ్యాక ఒకేసారి చూపిద్దామని గుడ్డ చుట్టి దాచాడు. గుడ్డ లాగేసి, నిలువెత్తు నల్లటి మూతని తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

బరువు కోసం కాళ్ళు ఎడంగా పెట్టుకుని సిద్ధమైన సువర్ణమ్మగారు, రాని బరువుకి తూలిపోయారు. మూతని పైకెత్తారు. దించారు. అటూ ఇటూ ఆడించారు. గాలి వచ్చింది. కరెంటు లేని ఆ షెడ్డులో ఆవిడ తన శవపెట్టె మూతతో తనకి తాను విసురుకున్నారు. తర్వాత పక్కన చెమటలు కక్కుతున్న గంగులుకి కూడా ఓసారి విసిరారు.

"ఇదేనేట్రా బరువు?"

"అడుగు కూడా ఇలాగే ఉంటాదమ్మగారూ. కొంచెం ఎక్కువంతే."

తాళాలగుత్తి క్రిస్టఫర్ చొక్కా జేబులో పడింది. "రేపు కాయితం రాయిస్తాను. రాజుబాబూ, నా భోజనాలనాడు బిర్యానీ నీదే, ఏడవకు." తర్వాత ఆవిడ మూతని గోడకి ఆనించి, మెల్లగా మోత కమిటీ వైపు తిరిగారు. "ఇది బరువని తెలిసిందంటే ఎత్తి సూసినోడికే తెలవాల. ఎవుడు పడుకున్నాడు, ఎవులెత్తారు?"

ముగ్గురూ ఒకేసారి నాలుగోవాణ్ణి చూశారు. సువర్ణమ్మగారు నేరుగా వెళ్ళి ఆయన వెనక జేబులో చెయ్యి పెట్టి దువ్వెన లాగారు. పళ్ళ సందుల్లో తెల్లటి పొడి.

"జుట్టే లేదు గదయ్యా నీకు!"

"డ్యూటీలో ఉన్నప్పటి అలవాటమ్మా. అది లేపోతే జేబు ఖాళీగా ఉంటాది."

"సరే, పడుకున్నావు. పడుకున్నోడివి లెగొచ్చు గదా? ఇది రాయయ్యీదాకా ఏటి సేస్తున్నావు లోపల?"

కమిటీ ముగ్గురికీ కూడా ఆ సంగతి తెలియనట్టుంది. వాళ్ళూ చెవులు రిక్కించారు. సత్యప్రకాష్‌గారు తల దించుకుని, నేల చూస్తూ మొదలుపెట్టారు.

"సెప్పీస్తానమ్మా. దాచి ఏటి సేస్తాను. నిన్న క్రిస్టఫరు ఇంట్లోకి ఎల్లగానే, ఎనక తలుపు తీగ ఇప్పి నలుగురం ఒచ్చాం. క్రీస్తుదాసుగారికైనట్టు మీకూ అవకూడదని, ముందుగా మోసి సూసుకుందామన్నాను. ఖాళీది మోస్తే ఏటి తెలుస్తాది, లోపల మనిషుండాల. నలుగురిలో నానే బక్కోణ్ణని నన్నే పడుకోమన్నారు. పడుకున్నాను. మెత్తగా, సల్లగా తగిలింది. మీకోసం పరుపేయించారు గావాలనుకున్నాను. చీకట్లో తెలవలేదమ్మా. 'రైట్ రైట్' అన్నాను. ఈళ్ళు ముగ్గురూ మూల్గారు. బండి కదల్లేదు. మళ్ళీ 'రైట్' అన్నాను. జానెడు జరిగి ఆగిపోయింది. ముగ్గురూ కింద సతికిలబడిపోయారు.

అప్పుడే లెగవలసింది. కాని ఆ మోషేగాడు రొప్పుకుంటా, 'పాపం, పోయినోడు ఎలాంటోడురా' అన్నాడు, ఏలాకోలానికి. నాకు బుద్ధి పుట్టింది. రేపు నిజంగా పోయాక ఎలాగూ ఇనపడదు, ఇప్పుడే ఇనీద్దామని కళ్ళు మూసుకుని బిగదీసుకున్నాను. నిద్దరోయాననుకున్నారు ఈళ్ళు. ఇంక మొదలెట్టారమ్మా! ఇశ్రాయేలు, 'టిక్కెట్టు ఎనకాల చిల్లర రాసిచ్చీవోడు, దిగినప్పుడు ఇచ్చీవోడు కాదు' అన్నాడు. ఆ మూడోవోడు యోబు, 'ఈడు పాటెత్తుకుంటే పాస్టరుగారు ప్రార్థనలోకి ఎల్లిపోయీవోరు' అన్నాడు. ఒక్క మంచి మాట రాకపోతాదా, అది ఇని లెగిసిపోదామని సూస్తున్నాను. ఎంతసేపూ తిట్లే. ఈలోగా కింద వెచ్చబడింది. నా ఒంటి ఏడే అనుకున్నాను. తరవాత బిగిసింది. కోపానికి నానే బిగుసుకుపోయాననుకున్నాను.

ఆఖర్న మోషే లెగిసి దులుపుకుంటా, 'ఏదైతేనేం, మనిషి మాత్రం తేలికరా. బరువంతా ఆ పెట్టెదే' అన్నాడు. అదమ్మా, ఆ ఒక్క ముక్క. అది ఇని ఈళ్ళటు ఎల్లగానే లెగిసాను. సొక్కా ఈపు సగం అక్కడే అతుక్కుని ఉండిపోతే పీక్కుని, ఇంటికెల్లి మా ఆడదానికి కూడా సెప్పలేదు. బరువని మీకు సెప్పడం తప్పే. పెట్టె తేలికని ఒప్పుకుంటే, ఇంక బరువు నాదేనని తేలిపోతాది గదమ్మా. మనిషి తేలికన్న మాట ఒక్కటే మిగిలింది నాకు. అది కూడా ఈళ్ళు ఎనక్కి తీసీసుకుంటారేమోనని భయమేసిందమ్మా."